తెర మీద సున్నా

వార్షిక సంచికకు ఏదైనా రాయమని మా విద్యార్థి సంఘం కార్యదర్శి మూడుసార్లు అడిగాడు. నాకు కవిత్వం రాదు. కథ రాద్దామంటే నేను చెప్పే అబద్ధాలు ఇంట్లోనే నిలబడవు, ఇక అచ్చులో ఏం నిలబడతాయి? కడకు నా దగ్గర వున్నది ఒక శబ్దం గురించిన సంగతి ఒక్కటే. ఆ శబ్దం నేను విన్నాను, వినలేదన్నాను. దాని ఖరీదు మా ఇంటికి నలభై వేల పైచిలుకు. ఆ కథ ఇది.

మాది తెనాలి దగ్గర పల్లె. మూడెకరాల అరటి, కంద. మరో ఎకరం కాలువ నీరు ఎక్కని మెరక చేను. ఆ ఎకరం కోసం నాన్న తన పడుచుతనమంతా అయిదు గుర్రాల ఆయిలింజను పక్కన గడిపాడు. రాత్రిళ్ళు తాటాకు పాకలో, ఇంజనుకి మూరెడు దూరంలో నులకమంచం వేసుకుని పడుకునేవాడట. ఇంజను శబ్దం మారితే మెలకువ వస్తుందని దూరంగా పడుకునేవాడు కాదు. పారకర్ర ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పడం నా చిన్నప్పుడు నాకూ నేర్పాడు. ఆ విద్య ఫలితం ఏమిటంటే ఇవాళ నాన్నకి టెలివిజన్‌లో వార్తలు చదివేవారి పెదాలు కదలడం కనిపిస్తుంది గాని సగం మాటలు వినపడవు. "నా చెవులు ఇంజనుకే ఇచ్చేశానురా" అంటాడు నవ్వుతూ.

అన్నయ్య ఇంటర్‌తో చదువు ఆపి ఒక పాత పెట్రోలు వ్యాను కొన్నాడు. తెల్లవారుజామున మా ఊరి గెలలూ, కందా, కూరగాయలూ బెజవాడ వేసుకువెళ్ళడం వాడి పని. గత ఏడాది వేసవిలో రేడియేటరు నీళ్ళు కారిపోయి ఇంజను వేడెక్కింది. హెడ్డు వంగితే లేతు షాపులో ఫేసింగ్ కొట్టించి మళ్ళీ బిగించారు. అప్పటినుంచి బండి లాగడం లేదని వాడి ఫిర్యాదు. పట్నంలో ఒక షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టి ట్యూనింగ్ చేస్తారని ఎవరో చెప్పారు. సంక్రాంతి సెలవులకు నేను వచ్చాను. ముగ్గురం వెళ్ళాం.

ఆ షెడ్డు కుర్రాడు తెలివైనవాడే. ఇంజను కంప్యూటరులో స్పార్కు పడే సమయాన్ని కొన్ని డిగ్రీలు ముందుకు జరిపాడు. "పికప్పూ, మైలేజీ రెండూ పెరుగుతాయి. ముందుకి జరిపితే నాకింగ్ వచ్చే భయం వుంటుంది. దానికి సెన్సారు వుంది. లోడుతో ఒకసారి తిప్పి చూసుకోండి. తెర మీద ఈ అంకె సున్నా వుంటే బేఫికర్" అని ల్యాప్‌టాప్ నా చేతికిచ్చాడు. బియస్సీ ఫిజిక్సు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే గనుక ఆ గౌరవం నాకు దక్కింది.

ఏడెనిమిది వందల కిలోల గెలలు ఎక్కించాం. అన్నయ్య నడుపుతున్నాడు, నేను మధ్యలో ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో, నాన్న కిటికీ పక్కన. కాలువ వంతెన ఎక్కేటప్పుడు, మూడో గేరులో, అన్నయ్య యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాడు. అప్పుడు విన్నాను. సత్తు డబ్బాలో శనగలు పోసి ఆడించినట్లు, సన్నగా, గలగలమని. వంతెన దిగగానే పోయింది. తెర మీద అంకె చూశాను. సున్నా. మళ్ళీ ఎక్కించమన్నాను. మళ్ళీ గలగల. మళ్ళీ సున్నా.

నాన్న నా వైపు తిరిగి, "నాకు వినపడదు, నువ్వు చెప్పు. ఏమైనా కొడుతోందా?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా, సున్నా చూపిస్తోంది" అన్నాను.

చూడండి, ఆయన అడిగింది నా చెవి గురించి. నేను చెప్పింది తెర గురించి.

శివరాత్రికి ముందు ఒక తెల్లవారుజామున అన్నయ్య ఫోన్ చేశాడు. బండి వెనకాల నీలంపొగ, ఇంజనులో నూనె లేదు, గెలలు రోడ్డు పక్కన. ఇంజను విప్పితే రెండో సిలిండరులో పిస్టను అంచు చెదలు తిన్న తలుపుచెక్కలా వుందట. రింగుల మధ్య వుండే గట్టు ముక్కలై ఊడింది. ఆ ముక్కలు సిలిండరు గోడను గీరేశాయి. ఫోటో పంపాడు. హాస్టలు మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశాను. అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటినుంచి పరీక్షలకు చదవవలసిన రాత్రుళ్ళు నాకింగ్ గురించి చదివాను. తెలిసినంతవరకు చెబుతాను.

పెట్రోలు ఇంజనులో పిస్టను పైకి వచ్చేముందే ప్లగ్గు దగ్గర స్పార్కు పడుతుంది. మంట అక్కడ అంటుకుని, వరి దుబ్బు కాల్చినప్పుడు ఒక గట్టు నుంచి రెండో గట్టుకి పాకినట్లు, క్రమంగా పాకాలి. మంట వెనుక వాయువు వ్యాకోచించి, ముందున్న, ఇంకా కాలని మిశ్రమాన్ని నొక్కుతుంది. నొక్కుడికి అది వేడెక్కుతుంది. మంట వచ్చేలోగానే ఆ ఆఖరి మూల తనంతట తాను ఒక్కసారిగా భగ్గుమంటే అదే నాకింగ్. స్పార్కు మరీ ముందు వేస్తే ఆ నొక్కుడు పెరుగుతుంది. కంప్రెషన్ పెరిగినా అంతే. హెడ్డు ఫేసింగ్ కొట్టించినప్పుడు కొంత లోహం పోయి, దహనం జరిగే గది చిన్నదై, మా బండి కంప్రెషన్ అప్పటికే పెరిగి వుంది. పైగా మేము స్పార్కును ముందుకి జరిపాం. రోగికి రెండుసార్లు ఒకే మందు వేసినట్లయింది.

ఇక శబ్దం ఎందుకు వస్తుంది? ఆ పేలుడు వల్ల పుట్టిన పీడన తరంగం సిలిండరు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. దాని ఫ్రీక్వెన్సీకి సూత్రం కూడా వుంది: ఆ వేడిలో ధ్వని వేగాన్ని 1.84 తో గుణించి, సిలిండరు వ్యాసంతోనూ పై విలువతోనూ భాగించాలి. ధ్వని వేగం సెకనుకు సుమారు 950 మీటర్లు, వ్యాసం 73 మిల్లీమీటర్లు అనుకుంటే సెకనుకు సుమారు 7,600 కంపనాలు వస్తాయి. 1930లలో అమెరికాలో యీ కంపనాలను లెక్కగట్టినవారిలో ఒకరు ఛార్లెస్ స్టార్క్ డ్రేపర్. ఆయన ప్రయోగశాలే తరువాత అపోలో నౌకలకు దారి చూపే పరికరాలను తయారుచేసింది. చంద్రుడి మీదకు దారి కట్టిన మనిషి ఒకప్పుడు ఇంజను గలగల వింటూ కూర్చున్నాడంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

యీ జబ్బు చరిత్రలో రైతులకూ చోటుంది. 1916 ప్రాంతంలో కెటరింగ్ అనే ఇంజనీరు పల్లెటూరి ఇళ్ళకు కరెంటిచ్చే చిన్న ఇంజన్లు అమ్మేవాడు. అవి కిరోసిన్‌తో నడిస్తే గట్టిగా కొట్టేవి. తప్పు స్పార్కుదేనని అందరూ అన్నారు. ఆయన దగ్గర పనిచేసే మిజ్లీ సిలిండరులోని పీడనాన్నే కొలిచి చూసి, ఆ కొట్టుడు స్పార్కు పడ్డ తరువాతే పుడుతున్నదనీ, దోషం ఇంధనంలో వున్నదనీ తేల్చాడు. 1921 డిసెంబరులో ఆయన బృందం కనిపెట్టిన మందు సీసం సమ్మేళనం. నాకింగ్ తగ్గింది, గాలిలోకి విషం వచ్చింది. మన దేశంలో ఆ సీసం పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరిలో ఆగింది. ఒక దోషం మానడానికి వేసిన మందు మరొక దోషమై కూర్చోవడం సైన్సులోనూ వుందన్నమాట.

సెన్సారు సంగతికి వద్దాం. 1978లో అమెరికాలో బ్యూక్ టర్బో కార్లలో ఇలాంటిది వచ్చింది. ఇప్పుడు మామూలు బండ్లలోనూ వుంటున్నది. దానిలో వున్నది మనం ప్రయోగశాలలో చూసే పీజో విద్యుత్తే. ఇంజను బ్లాకు వణికితే స్ఫటికం నొక్కుకుని చిన్న ఓల్టేజీ పుడుతుంది. కాని ఇంజనులో వణకనిది ఏముంది? టాపెట్లు, పిస్టన్లు, గేర్లు అన్నీ మోగుతూనే వుంటాయి. అందుకని కంప్యూటరు మూడు జాగ్రత్తలు తీసుకుంటుంది. నాకింగ్ వచ్చే ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే వింటుంది. స్పార్కు తరువాత, పిస్టను కిందికి దిగడం మొదలుపెట్టిన కొద్ది డిగ్రీల మధ్యే వింటుంది. మామూలు రొద ఎంతో లెక్కగట్టుకుని, దానికంటే బాగా ఎక్కువైతేనే నాకింగ్ అంటుంది.

మూడూ మంచి జాగ్రత్తలే. అయితే మూడింటిలోనూ చెవిటితనానికి దారి వుంది. ముఖ్యంగా మూడోదానిలో. పిస్టను వదులై రొద పెరిగితే, యీ ఇంజను గొంతే ఇంత అని కంప్యూటరు సరిపెట్టుకుంటుంది. సంతలో కాపురమున్నవాడికి ఇంట్లో పోట్లాట వినపడనట్లు. మరో మాట: సెన్సారు తీగ తెగితే కంప్యూటరు దీపం వెలిగించి చెబుతుంది. తీగ బాగానే వుండి సెన్సారుకి శబ్దమే అందకపోతే దీపం వెలగదు.

వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి మెకానిక్ బాబాయి ఇంజను బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసి బిగించాడు. సొంత బాబాయి కాదు, ఊరందరికీ బాబాయే. "బాబాయ్, మళ్ళీ రోడ్డెక్కే ముందు ఆ సెన్సారుకి చెవులున్నాయో లేదో చూద్దాం" అన్నాను. ఆయన నా మొహం చూసి, "చెవిటివాడి ముందు శంఖం ఊది చూస్తానంటావు, అంతేగా" అన్నాడు. అంతే.

శంఖం బదులు చిన్న సుత్తి. ఇంజను ఆపి, సెన్సారు తీగ ఊడదీసి, మల్టీమీటరును ఏసీ మిల్లీఓల్టుల మీద పెట్టి తగిలించాం. సెన్సారు పక్కన బ్లాకు మీద సుత్తితో తట్టాం. అంకె కదిలీ కదలనట్లు వూరుకుంది. బోల్టు విప్పితే సంగతి బయటపడింది. మొదటిసారి హెడ్డు పని చేసినప్పుడు ఎవరో ఇంజనుకి అందంగా వెండిరంగు పెయింటు వేశారు. సెన్సారు కూర్చునే చోటా వేశారు. బోల్టు వదులు కాకూడదని స్ప్రింగు వాషరు కూడా వేశారు. ఇంజను మళ్ళీ బిగించేటప్పుడు బాబాయి ఎలా వున్నదాన్ని అలాగే పెట్టాడు. ఎవరైనా అంతే చేస్తారు. నిజానికి యీ రకం సెన్సారు వట్టి లోహం మీద, వాషరు లేకుండా, సుమారు 20 న్యూటన్ మీటర్ల బిగువుతో కూర్చోవాలి. పెయింటు గీకి, వాషరు తీసేసి, టార్కు రెంచితో బిగించి మళ్ళీ తట్టాం. యీసారి అంకె ఎగిరిపడింది. అరచేతిలో ఇమిడిపోయే ఆ వాషరు ఖరీదు రెండు రూపాయలుంటుందేమో.

అయినా ఒక్క సాక్షిని నమ్మి మోసపోయినవాణ్ణి గనుక రెండో సాక్షిని పెట్టుకున్నాను. ఒక రాగి గొట్టం కొసను సుత్తితో చదును చేసి, చిల్లు పొడిచి, బ్లాకుకి బోల్టుతో బిగించాం. రెండో కొసకు రబ్బరు గొట్టం తొడిగి, బెల్టుకీ ఫ్యానుకీ తగలకుండా కట్టి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, పాత స్టెతస్కోపు చెవిముక్కలు తగిలించాం. నాన్న పారకర్రకి ఇది మనవడు. షెడ్డు కుర్రాడు కూడా తన ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. జరిగింది విని అతనూ బాధపడ్డాడు, డబ్బు తీసుకోనన్నాడు. కొత్త ఇంజను గనుక మొదట కొన్ని రోజులు మెల్లగా నడిపి, ఆ తరువాతే లోడు వేశాం.

అదే వంతెన. అదే గేరు. స్టెతస్కోపులో గలగల స్పష్టంగా వినిపించింది. యీసారి తెర మీద కూడా అంకె సున్నా నుంచి లేచింది. కంప్యూటరు తనంతట తానే స్పార్కును వెనక్కి లాగుతోంది. అయినా ఆ శబ్దం నాకింగేనని రూఢి ఏమిటి? టాపెట్టు కావచ్చు, బేరింగు కావచ్చు. దానికి పరీక్ష సులువు. స్పార్కును మూడు డిగ్రీలు వెనక్కి జరిపి అదే వంతెన అదే లోడుతో ఎక్కాలి. అరిగిన ఇనుము చప్పుడైతే స్పార్కుని మూడు డిగ్రీలు జరిపినంత మాత్రాన మాయం కాదు. నాకింగ్ అయితే పోతుంది. పోయింది. ప్లగ్గులు విప్పి భూతద్దంతో పింగాణీ మీద చూశాం. మిరియపు పొడి చల్లినట్లు నల్లటి చుక్కలూ, అల్యూమినియం మెరుపులూ వుంటే పిస్టను కరుగుతున్నట్లు లెక్క. లేవు. ఇంకొక డిగ్రీ భద్రత కోసం వెనక్కి జరిపి అక్కడ ఆపాం. బండి షెడ్డువాళ్ళు చెప్పినంత లాగదు. మా గెలలు బెజవాడ చేరేంత లాగుతుంది.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు ఒక చిలిపి ఆలోచన వచ్చి, సెల్‌ఫోనులో 7,600 ఫ్రీక్వెన్సీ మోగించాను. అన్నయ్య చెవులు మూసుకుని "ఆపరా బాబూ" అని అరిచాడు. నాన్న నా వైపే చూస్తూ, "పెట్టావా?" అన్నాడు.

పెద్ద రొదల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవారికి మొదట 4,000 చుట్టుపక్కల వినికిడి దెబ్బతింటుందని పుస్తకాల్లో వుంది. అది చదివాను, పరీక్షలో రాయగలను కూడా. కాని "పెట్టావా?" అన్న ఆ మాట వినేదాకా, వంతెన మీద నాన్న నన్ను అడిగింది ఎంత పెద్ద విషయమో నాకు తెలియలేదు. ఆయన తన పరికరం పాడైందని ఎరిగినవాడు. అందుకే మరొక పరికరాన్ని అడిగాడు. ఆ పరికరం నేను. నేను బాగానే పనిచేస్తూ వుండి కూడా సున్నా చూపించాను.

ఆ రాత్రి అన్నయ్యతో చెప్పేశాను. "సంక్రాంతికి వంతెన మీద నాకు వినిపించిందిరా. తెర సున్నా చూపిస్తే చెప్పలేకపోయాను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "నాకూ వినపడింది. బియస్సీ చదివేవాడివి పక్కన కూర్చుని ఏం లేదన్నావు గదా అని వూరుకున్నా."

అంటే నేను తెరని నమ్మాను. తెర సెన్సారుని నమ్మింది. అన్నయ్య నన్ను నమ్మాడు. అందరి నమ్మకం కిందా ఒక స్ప్రింగు వాషరు వుంది.

మిత్రులారా, మనం మొదటి సంవత్సరంలో స్క్రూగేజి పట్టుకోగానే నేర్చేది జీరో ఎర్రర్ చూడడం. ఏమీ లేనప్పుడు పరికరం ఏదో వున్నట్లు చూపితే ఆ దోషాన్ని తీసివేస్తాం. దానికి తలకిందులైన దోషం ఒకటుంది: ఏదో వున్నప్పుడు ఏమీ లేనట్లు చూపడం. దానికి రికార్డులో గడి లేదు. సున్నా అంటే 'లేదు' అని ఒక అర్థం. 'నాకు వినపడలేదు' అని ఇంకొక అర్థం. ఏ అర్థమో తెలియాలంటే ముందుగా సుత్తితో ఒకసారి తట్టి చూడాలి. ప్రయోగశాలలో అయితే మార్కులు పోతాయి, అంతే. బయట అమ్మ గాజులు పోతాయి.

గాజులు ఇంకా బ్యాంకులోనే వున్నాయి. సగం అప్పు తీరింది. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు నాన్న వ్యాను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వంతెన మీద నా వైపు తిరిగి మళ్ళీ అదే అడిగాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్ లేదు. అన్నయ్యను బండి మెల్లగా పోనివ్వమని, కిటికీ అద్దం దించి, విని, చెప్పాను.

— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి